నడుస్తున్న యంత్రంలోంచి మెమరీని తీసేటప్పుడు: చూడటానికీ తాకడానికీ మధ్య ఉన్న సందు

నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు కొత్త మెమరీని కలపడం కంటే ఉన్న మెమరీని తీసేయడం చాలా కష్టం. కలిపేటప్పుడు ఆ మెమరీ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు కనుక, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ను నడిపించే ప్రధాన భాగం) తన లెక్కలన్నీ తీరిగ్గా రాసుకుని, అంతా సిద్ధమయ్యాకే దాన్ని వాడకానికి వదులుతుంది. తీసేటప్పుడు పరిస్థితి తారుమారవుతుంది. ఆ మెమరీలో ఎవరి డేటా ఉందో, దాని చిరునామాను ఎవరెవరు రాసిపెట్టుకున్నారో, ఏ ప్రాసెసర్ సరిగ్గా ఈ క్షణంలో దాన్ని చదవబోతోందో ఒక్క చోట రాసి ఉండదు. ఒక ప్రాసెసర్ ఒక పేజీ (మెమరీలోని చిన్న ముక్క) ఆన్‌లైన్‌లో, అంటే వాడకంలో, ఉందని చూసుకుంటుంది. చూసిన తర్వాత, తాకే లోపల, ఇంకో ప్రాసెసర్ ఆ పేజీ ఉన్న మెమరీ భాగాన్నే తీసేస్తుంది. విడివిడిగా చూస్తే ఇద్దరి పనీ సరైనదే, కానీ యంత్రం కుప్పకూలుతుంది. రేస్ కండిషన్ అంటే ఇదే.

హనుమకొండలో వారాంతాల్లో మా ఇంటికి ఆపరేటింగ్ సిస్టమ్స్ చదువుకోవడానికి కొందరు ఇంజినీరింగ్ విద్యార్థులు వస్తారు. మెమరీ హాట్‌ప్లగ్ (యంత్రం నడుస్తుండగానే మెమరీని కలపడం, తీయడం) గురించి మాట్లాడుకున్నప్పుడు వాళ్లలో ఒకరు, “సార్, ఖాళీ పేజీలను లెక్కలకెల్లి తీసేస్తె అయిపోదా?” అని అడిగారు. మంచి ప్రశ్న. అయిపోదు అని చెప్పడం సులువే, ఎందుకు అయిపోదో చెప్పాలంటే లినక్స్ కెర్నల్ లోపల కొంత దూరం నడవాలి. ఆ నడకనే ఇక్కడ రాస్తున్నాను. మెమరీని తీయడంలో ఏ లాక్ (ఒకరు వాడుతుండగా ఇంకొకరు అడ్డు రాకుండా ఆపే తాళం) ఎక్కడ పట్టుకోవాలన్నది రెండో ప్రశ్న అనీ, ఏ పని తర్వాత ఏ పని జరగాలన్నదే మొదటి ప్రశ్న అనీ నాకు గట్టి నమ్మకం. వరస సరిగ్గా ఉంటే లాక్‌లు కొద్దిగా చాలు, వరస తప్పితే ఎన్ని లాక్‌లు పెట్టినా ఎక్కడో ఒక సందు మిగిలే ఉంటుంది.

మెమరీని నడుస్తుండగానే తీయాల్సిన అవసరం ఎవరికి ఉంటుందని కొందరికి అనిపించవచ్చు. పెద్ద సర్వర్లలో పాడవుతున్న మెమరీ కడ్డీని యంత్రం ఆపకుండా మార్చాల్సి వచ్చినప్పుడు ఈ అవసరం ఉంటుంది. దానికంటే ఎక్కువగా ఈరోజుల్లో క్లౌడ్ యంత్రాల్లో కనిపిస్తుంది: ఒక వర్చువల్ మెషీన్‌కు ఇచ్చిన మెమరీని కొంత వెనక్కి తీసుకుని పక్క మెషీన్‌కు ఇవ్వాలంటే, లోపల నడుస్తున్న కెర్నల్ దాన్ని సురక్షితంగా వదిలిపెట్టాలి. 2020లో లినక్స్ 5.8తో వచ్చిన వర్ట్‌ఐఓ-మెమ్ అనే డ్రైవర్ పుట్టిందే ఈ పని కోసం.

ముందుగా కొలతలు చెప్పుకుందాం. మామూలు ఎక్స్86 64 బిట్ యంత్రంలో ఒక పేజీ 4 కేబీ. మెమరీని కెర్నల్ సెక్షన్లుగా విడగొట్టుకుంటుంది, ఒక్కో సెక్షన్ 128 ఎంబీ, అంటే 32,768 పేజీలు. ప్రతి పేజీ గురించీ కెర్నల్ ‘స్ట్రక్ట్ పేజ్’ అనే 64 బైట్ల చిట్టా రాసుకుంటుంది కనుక, ఒక సెక్షన్‌కు 2 ఎంబీ చిట్టా ఉంటుంది. మెమరీని తీసేటప్పుడు పేజీలతో పాటు ఈ చిట్టా కూడా పోతుందన్న సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అతి మొండి రేస్‌లు కొన్ని పేజీల దగ్గర కాక ఈ చిట్టాల దగ్గరే పుడతాయి.

తీసే పని రెండు అంచెల్లో జరుగుతుంది. మొదటిది ఆఫ్‌లైన్ చేయడం: ఆ భాగంలోంచి ఎవరికీ కొత్తగా పేజీలు ఇవ్వకుండా ఆపి, ఉన్నవాటిని ఖాళీ చేయించి, లెక్కల్లోంచి తప్పించడం. రెండోది తొలగించడం: చిట్టాలను పీకేసి, కెర్నల్ పేజ్ టేబుళ్లలో (ఏ చిరునామా ఏ పేజీకి చెందుతుందో చెప్పే పట్టికల్లో) ఆ మెమరీకి ఉన్న మ్యాపింగ్‌ను చెరిపేసి, హార్డ్‌వేర్‌కో, వర్చువల్ మెషీన్లను నడిపే హైపర్‌వైజర్‌కో అప్పగించడం. మొదటి అంచె మధ్యలో ఆగిపోతే వెనక్కి రావచ్చు, రెండో అంచె మొదలయ్యాక వెనక్కి దారి ఉండదు. అందుకే ప్రమాదం ఉన్న తనిఖీలన్నీ మొదటి అంచెలోనే తీరిపోవాలి.

వరంగల్ వాళ్లకు ఎనుమాముల మార్కెట్ యార్డు తెలుసు. మిర్చి సీజన్‌లో అక్కడ ఒక షెడ్డును పడగొట్టి కట్టాలనుకోండి. ముందు ఆ షెడ్డులోకి కొత్త బస్తాలు దింపకుండా ఆపాలి; తర్వాత ఉన్న బస్తాలను హమాలీలతో పక్క షెడ్డుకు చేర్చాలి; ఆ తర్వాత, ఫలానా షెడ్డులో సరుకు ఉందని చిట్టీ పట్టుకుని అప్పటికే బయలుదేరినవాళ్లు వచ్చి చూసుకునిపోయే దాకా ఆగాలి; అప్పుడే గోడ మీద చేయి వేయాలి. ఈ నాలుగు పనుల్లో ఏ రెండు తారుమారైనా ఎవరో ఒకరి సరుకు పోతుంది. కెర్నల్‌లో జరిగేదీ ఇదే వరస, కాకపోతే అక్కడ చూడటానికీ తాకడానికీ మధ్య సందు నానోసెకన్లలో ఉండవచ్చు, బయలుదేరినవాళ్లు కనిపించరు.

కొత్తవి రాకుండా ఆపడం దగ్గర మొదలుపెడదాం. కెర్నల్ పేజీలను పేజ్‌బ్లాకులుగా గుంపులు కట్టి, ఒక్కో గుంపుకూ ఒక రకాన్ని అంటగడుతుంది. ఆఫ్‌లైన్ చేయబోయే భాగంలోని గుంపులన్నిటికీ, అవి ఉన్న జోన్ (కెర్నల్ మెమరీని విడగొట్టుకున్న పెద్ద విభాగం) లాక్ పట్టుకుని ‘ఐసోలేట్’ అనే రకాన్ని వేస్తారు. ఆ గుర్తు ఉన్న గుంపులోని ఖాళీ పేజీలను అలొకేటర్ (అడిగినవాళ్లకు పేజీలు పంచే కోడ్) ఎవరికీ ఇవ్వదు, అక్కడికి తిరిగొచ్చిన పేజీలను కూడా వేరే జాబితాలో పెడుతుంది. ఇంతవరకు పద్ధతిగానే ఉంది.

అయితే ప్రతిసారీ జోన్ లాక్ పట్టుకోవడం ఖరీదైన పని కనుక, ప్రతి ప్రాసెసర్ దగ్గరా కొన్ని ఖాళీ పేజీల చిన్న జాబితా ఒకటి ఉంటుంది. పేజీని వదిలేసినప్పుడు అది నేరుగా జోన్‌లోకి పోదు, ముందు ఈ చిన్న జాబితాలోకి వస్తుంది. 2020లో సరిదిద్దిన ఒక రేస్ సరిగ్గా ఇక్కడే ఉంది. మొదటి ప్రాసెసర్ ఒక పేజీని వదిలేస్తూ, లాక్ ఏమీ లేకుండా దాని గుంపు రకాన్ని చదివింది. అప్పటికి ఆ రకం ‘మూవబుల్’, అంటే కదిలించదగినది. ఈలోపు రెండో ప్రాసెసర్ ఆ గుంపుకు ‘ఐసోలేట్’ గుర్తు వేసి, అన్ని ప్రాసెసర్ల చిన్న జాబితాలనూ ఖాళీ చేయించింది. ఖాళీ చేయించడం అయిపోయాక మొదటి ప్రాసెసర్ మళ్లీ కదిలి, తాను ముందే చదువుకున్న పాత రకంతో ఆ పేజీని చిన్న జాబితాలో పెట్టేసింది. ఇప్పుడు ఆ పేజీ ఎవరి వాడకంలోనూ లేదు, జోన్ ఖాళీ జాబితాలోనూ లేదు. ఆఫ్‌లైన్ చేసే కోడ్ మాత్రం భాగమంతా ఖాళీ అయిందా అని చూస్తుంది, ఈ ఒక్క పేజీ కనిపించక మళ్లీ మొదటి నుంచి తిరుగుతుంది, ఇలా ఎవరో సిగ్నల్ పంపి ఆపే దాకా తిరుగుతూనే ఉంటుంది.

ఈ ఉదాహరణను నేను విద్యార్థులకు తప్పకుండా చెబుతాను. ఇందులో యంత్రం కూలిపోదు, డేటా పాడవదు, లాగ్‌లో భయపెట్టే వాక్యమేదీ రాదు. ఒక పని ఎప్పటికీ పూర్తి కాదు, అంతే. రేస్ అనగానే క్రాష్ కోసమే వెతికేవాళ్లు ఇలాంటిదాన్ని చూడకుండానే దాటిపోతారు. మొదట చేసిన సవరణ, తిరిగిన ప్రతిసారీ చిన్న జాబితాలను మళ్లీ ఖాళీ చేయించడం. తర్వాత వచ్చింది ఇంకా శుభ్రమైన పద్ధతి: ఆఫ్‌లైన్ పని నడిచినంతసేపూ ఆ జోన్‌లో చిన్న జాబితాలను పూర్తిగా ఆపేసి, వదిలిన ప్రతి పేజీ నేరుగా జోన్‌లోకి పోయేలా చేశారు. నా దృష్టిలో రెండోదే అసలు పరిష్కారం. మొదటిది సందు పడ్డ ప్రతిసారీ పూడుస్తుంది, రెండోది సందు పుట్టే చోటునే మూసేస్తుంది.

ఇక ఉన్న పేజీలను తరలించడం. వాడకంలో ఉన్న పేజీలోని డేటాను ఇంకో చోటికి కాపీ చేసి, దాన్ని చూపుతున్న ప్రతి పేజ్ టేబుల్ ఎంట్రీనీ కొత్త చోటుకు మళ్లించాలి. కాపీ జరుగుతుండగా ఏదో ప్రోగ్రామ్ పాత పేజీలో రాసేస్తే ఆ రాత పోతుంది. అందుకని ముందుగా పేజీకి లాక్ వేసి, పేజ్ టేబుళ్లలో దాని స్థానంలో ‘మైగ్రేషన్ ఎంట్రీ’ అనే తాత్కాలిక గుర్తు పెడతారు. ఆ సమయంలో ఎవరైనా ఆ చిరునామాను తాకితే వాళ్లకు పేజ్ ఫాల్ట్ వస్తుంది, కెర్నల్ వాళ్లను తరలింపు పూర్తయ్యే దాకా ఆపి ఉంచుతుంది. ప్రోగ్రామ్‌కు ఈ ఆగడం తెలియనే తెలియదు.

పేజ్ టేబుళ్ల ద్వారా వచ్చేవాళ్లను ఇలా ఆపవచ్చు. కెర్నల్ లోపలి దారుల్లో వచ్చేవాళ్ల సంగతి వేరు. ఫైల్ డేటా ఉన్న పేజీని వెతికే కోడ్ లాక్ లేకుండానే పేజ్ క్యాష్‌లో (ఫైళ్ల డేటాను మెమరీలో ఉంచే చోట) చూసి, ఆ పేజీని ఎంతమంది పట్టుకున్నారో చెప్పే రిఫరెన్స్ సంఖ్యను ఒకటి పెంచుకుంటుంది. తరలించే కోడ్ అదే క్షణంలో పాత పేజీని వదిలేయబోతుంటే ఏం జరగాలి? దీనికి ఉన్న సమాధానం నాకు ఈ కెర్నల్ మొత్తంలో అత్యంత ఇష్టమైన వాటిలో ఒకటి. తరలించే కోడ్, ‘ఈ పేజీకి ఇన్ని రిఫరెన్సులే ఉండాలి’ అని లెక్క వేసుకుని, సంఖ్య సరిగ్గా అంతే ఉంటే దాన్ని ఒక్క అణు చర్యలో (మధ్యలో ఇంకెవరూ దూరలేని ఒకే అడుగులో) సున్నా చేస్తుంది. ఒక్కటి ఎక్కువ ఉన్నా, ఎవరో పేజీని పట్టుకున్నారని తెలుసుకుని తరలింపును అప్పటికి మానుకుని మళ్లీ ప్రయత్నిస్తుంది. అవతలివైపు వెతికే కోడ్ సంఖ్యను గుడ్డిగా పెంచదు, ‘సున్నా కాకపోతేనే పెంచు’ అన్న అణు చర్యను వాడుతుంది. పెంచాక కూడా, తాను చూసిన స్థానంలో ఇంకా అదే పేజీ ఉందా అని రెండోసారి చూసుకుంటుంది. లేకపోతే వదిలేసి మళ్లీ వెతుకుతుంది. ఇద్దరిలో ఎవరు ముందు వచ్చినా ఒక్కరే గెలుస్తారు, ఓడినవాళ్లకు ఓడిపోయినట్టు కచ్చితంగా తెలుస్తుంది. ఇద్దరూ గెలిచామనుకునే క్షణం అంటూ లేకుండా పోయింది.

ఇలా తరలించడానికి వీలులేని పేజీలూ ఉంటాయి. కెర్నల్ తన సొంత డేటా కోసం తీసుకున్న పేజీల చిరునామాలు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియదు కనుక వాటిని కదపలేరు. అందుకే 2007లో లినక్స్ 2.6.23లో ‘మూవబుల్ జోన్’ వచ్చింది. తీయబోయే మెమరీని మొదటి నుంచే ఆ జోన్‌లో ఉంచితే కదలని పేజీలు అందులోకి చేరవు. ఒక పరికరం నేరుగా చదివేందుకు పేజీని దీర్ఘకాలం బిగించి పట్టుకోవాలనుకుంటే, కెర్నల్ దాన్ని ముందు ఆ జోన్ బయటికి తరలించి, ఆ తర్వాతే బిగించనిస్తుంది.

చిట్టీ పట్టుకుని బయలుదేరినవాళ్లు అన్నాను కదా, అసలు చిక్కు వాళ్లతోనే. కెర్నల్‌లో కొన్ని పనులు పేజీలను వాటి వరస సంఖ్యను బట్టి ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ పోతాయి. చెల్లాచెదురుగా ఉన్న ఖాళీ పేజీలను ఒక చోటికి చేర్చే కంపాక్షన్ అలాంటిదే. అది ఒక్కో సంఖ్యకూ, ‘ఇక్కడ నిజంగా మెమరీ ఉందా, ఆన్‌లైన్‌లో ఉందా’ అని అడిగి, ఉందంటే చిట్టాను తెరుస్తుంది. వాళ్ల దగ్గర ఆ పేజీ రిఫరెన్స్ ఏదీ ఉండదు, కాబట్టి సంఖ్యలు లెక్కపెట్టి వాళ్లను పట్టుకోలేము.

2024 మొదట్లో లినక్స్ 6.8లోకి చేరిన ఒక సవరణ ఈ చిక్కును దగ్గరగా చూపిస్తుంది. ప్రతి సెక్షన్‌కూ, అందులో ఏ ఉపభాగాలు వాడకంలో ఉన్నాయో చెప్పే చిన్న పట్టిక ఒకటి విడిగా ఉంటుంది, సెక్షన్ నిర్మాణంలో దాని పాయింటర్ ఉంటుంది. మామూలు మెమరీకి మధ్యలో పరికరపు మెమరీ ఇరుక్కుని ఉన్న యంత్రాల్లో, కంపాక్షన్ నడుస్తూ ఆ పరికరపు మెమరీ మీదుగా పోతోంది. సెక్షన్ చెల్లుతుందని చూసుకుంది. సరిగ్గా అప్పుడే ఇంకో ప్రాసెసర్ ఆ పరికరపు మెమరీని తొలగిస్తూ, పట్టికను ఫ్రీ చేసి పాయింటర్‌ను సున్నా చేసింది. కంపాక్షన్ ఆ పాయింటర్ వెంట వెళ్లింది, కెర్నల్ కూలింది. తొలగిస్తున్నది పరికరపు మెమరీని, నడుస్తున్నది మామూలు మెమరీ కోసం. ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకున్న రెండు పనులు ఒకే పట్టిక దగ్గర ఢీకొన్నాయి.

సవరణ చేసినవాళ్లు అక్కడ పెద్ద లాక్ పెట్టలేదు, పెట్టకూడదు కూడా. ఆ తనిఖీ కెర్నల్‌లో లెక్కలేనన్ని చోట్ల జరుగుతుంది. వాళ్లు వరసను మార్చారు. తొలగించేవాళ్లు మొదట సెక్షన్ మీద ‘చిట్టా ఉంది’ అన్న గుర్తును చెరిపేస్తారు, అంటే కొత్తగా వచ్చేవాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. తర్వాత పట్టికను అప్పటికప్పుడు ఫ్రీ చేయకుండా, చదివేవాళ్లందరూ బయటికి వచ్చే దాకా ఆగే ఆర్‌సీయూ అనే కెర్నల్ ఏర్పాటుకు అప్పగిస్తారు. చూసేవాళ్లు తమ తనిఖీని ఆర్‌సీయూ చదివే భాగంలో చేస్తారు. గుర్తు చెరిపే సమయానికే లోపల ఉన్నవాళ్లందరూ బయటికి వచ్చారని ఆర్‌సీయూకు రూఢి అయ్యాకే పట్టిక నిజంగా ఫ్రీ అవుతుంది. చదివేవాళ్ల మీద పడే భారం దాదాపు లేనట్టే, వేచి చూడటమంతా తొలగించేవాళ్ల వంతు. న్యాయంగా ఉండాల్సిందీ అలాగే, ఎందుకంటే చదవడం సెకనుకు లక్షలసార్లు జరుగుతుంది, మెమరీని తొలగించడం ఎప్పుడో ఒకసారి.

ఇదే ఆలోచన హాట్‌ప్లగ్ కోసం ఉన్న పెద్ద రీడర్-రైటర్ లాక్‌లోనూ ఉంది. మెమరీ అమరిక మారకూడదని కోరుకునే కోడ్ దాన్ని చదివేవాళ్ల తరఫున పట్టుకుంటుంది, మార్చే కోడ్ రాసేవాళ్ల తరఫున పట్టుకుంటుంది. చదివేవాళ్ల లెక్క ఒక్కో ప్రాసెసర్‌కూ విడిగా ఉండే రకపు లాక్ కనుక వాళ్లు ఒకరినొకరు అడ్డుకోరు. రాసేవాళ్లు మాత్రం అన్ని ప్రాసెసర్ల లెక్కా తేలే దాకా ఆగాలి.

రేస్‌ను ఆపడానికి పెట్టిన లాకే డెడ్‌లాక్ తెచ్చిపెట్టే సందర్భం ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక మెమరీ బ్లాక్‌ను ఆఫ్‌లైన్ చేయడానికి సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ తన సంగతులను ఫైళ్లలా చూపే చోట) ఆ బ్లాక్ తాలూకు ‘స్టేట్’ ఫైల్‌లో ‘ఆఫ్‌లైన్’ అని రాస్తాము. రాస్తున్నంతసేపూ ఆ ఫైల్ మీద కెర్నల్ ఒక క్రియాశీల రిఫరెన్స్ పట్టుకుని ఉంటుంది, ఆ స్థితిలో పరికరాల హాట్‌ప్లగ్ లాక్ (పైన చెప్పిన రీడర్-రైటర్ లాక్ కాదు, వేరేది) కోసం వెళుతుంది. అదే సమయంలో మెమరీని తొలగించే కోడ్ హాట్‌ప్లగ్ లాక్‌ను ముందే పట్టుకుని, ఆ ‘స్టేట్’ ఫైల్‌ను తీసేయబోతుంది. తీసేయాలంటే ఫైల్ మీద ఉన్న రిఫరెన్సులన్నీ వదిలే దాకా ఆగాలి. రాసేవాళ్లు లాక్ కోసం, లాక్ ఉన్నవాళ్లు రాసేవాళ్ల కోసం, ఇద్దరూ కదలరు.

దీనికి కెర్నల్ చేసిన ఏర్పాటు చాలా నిరాడంబరమైనది. ఫైల్ వైపు నుంచి వచ్చేవాళ్లు లాక్ కోసం నిలబడరు, ఒక్కసారి ప్రయత్నించి చూస్తారు. దొరికితే సరే. దొరకకపోతే 5 మిల్లీసెకన్లు నిద్రపోయి, సిస్టమ్ కాల్‌ను మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టించుకుంటారు. వెనక్కి వెళ్లడంలో ఫైల్ రిఫరెన్స్ దానంతటదే వదిలిపోతుంది, తొలగించేవాళ్లకు దారి దొరుకుతుంది. మళ్లీ వచ్చేసరికి ఫైలే లేకపోతే రాసేవాళ్లకు ఆ సంగతే తెలుస్తుంది. లాక్‌ల క్రమాన్ని మార్చడం వీలుకాని చోట, చేతిలో ఉన్నది వదిలిపెట్టి మళ్లీ రావడం అనేది ఎంత విలువైన పద్ధతో ఈ కొద్ది వాక్యాల కోడ్ చూపిస్తుంది.

చివరి అంచెలో మిగిలేవి రెండు చిన్న సంగతులు. కెర్నల్ పేజ్ టేబుళ్లలోంచి మ్యాపింగ్ చెరిపేసినా, ప్రాసెసర్ల టీఎల్‌బీల్లో (చిరునామా అనువాదాలను దాచుకునే చిన్న నిల్వల్లో) పాత అనువాదాలు మిగిలి ఉంటాయి కనుక వాటిని తుడిచివేయాలి. ఇక కెర్నల్ మెమరీని ఫైల్‌లా చదవనిచ్చే ‘కేకోర్’ దారిలో, పేజీ ఆఫ్‌లైన్ గుర్తు లేదని చూసి, చదివే లోపల వర్ట్‌ఐఓ-మెమ్ ఆ పేజీని వెనక్కి ఇచ్చేయవచ్చు. 2021లో ఆ రెంటి మధ్యా ఒక రీడర్-రైటర్ సెమఫోర్ పెట్టి, చదివేవాళ్లు కాసేపు ఆ గుర్తు మారకుండా నిలిపి ఉంచుకునే వీలు కల్పించారు.

ఇదంతా ఇంట్లోనే చేసి చూడవచ్చు, దీనికి ఖరీదైన సర్వర్ అవసరం లేదు. వర్చువల్ మెషీన్లను నడిపే క్యూఎంయూ ప్రోగ్రామ్‌లో గరిష్ఠ మెమరీనీ స్లాట్లనూ ముందే చెప్పి ఒక లినక్స్ వర్చువల్ మెషీన్‌ను మొదలుపెట్టండి. నడుస్తుండగా 1 జీబీ మెమరీ కడ్డీని కలిపితే, 128 ఎంబీ బ్లాకులున్న చోట 8 కొత్త బ్లాకులు కనిపిస్తాయి. వాటిని మూవబుల్‌గా ఆన్‌లైన్ చేసి, ఒక పక్క మెమరీని బాగా నమిలే ప్రోగ్రామ్ నడుపుతూ, ఇంకో పక్క బ్లాకులను ఒక్కొక్కటిగా ఆఫ్‌లైన్ చేసి, మళ్లీ ఆన్‌లైన్ చేస్తూ ఉండండి. కెర్నల్‌ను లాక్‌డెప్ తోనూ, కాసాన్ తోనూ కట్టుకుంటే ఇంకా మంచిది: లాక్‌ల క్రమం తప్పితే డెడ్‌లాక్ నిజంగా పడకముందే లాక్‌డెప్ చెబుతుంది, ఫ్రీ అయిన చిట్టాను తాకితే కాసాన్ పట్టుకుంటుంది. 2020 నుంచి కెర్నల్‌లో ఉన్న కేసీసాన్ ఇద్దరు ఒకే చోటును అడ్డూ అదుపూ లేకుండా చదివి రాయడాన్ని వెతికి చూపుతుంది.

ఆఫ్‌లైన్ ఆదేశాన్ని ఇచ్చేటప్పుడు దాని ముందు ‘టైమ్‌అవుట్’ పెట్టడం మరవకండి. ఎవరో పట్టుకున్న పేజీ ఒక్కటి ఉన్నా కెర్నల్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ గంటల తరబడి ఆగవచ్చు, దానికి తనంతట తాను విసుగు రాదు. గడువు తీరాక సిగ్నల్ అందితే, అప్పటిదాకా వేసిన ‘ఐసోలేట్’ గుర్తులను వెనక్కి తీసి, ‘ఆఫ్‌లైన్ రద్దయింది’ అని తనలోని భాగాలన్నిటికీ కబురు పంపి, బ్లాక్‌ను మునుపటిలా వాడకంలోకి వదులుతుంది. ఆఫ్‌లైన్ విఫలమైనప్పుడు నిరాశపడకుండా, ఆ తర్వాత ఖాళీ మెమరీ లెక్క యథాతథంగా ఉందో లేదో చూడమని నేను విద్యార్థులకు చెబుతాను. ఆ లెక్కలో తేడా వస్తే, వెనక్కి వచ్చే దారిలో ఎక్కడో ఒక రేస్ దాక్కుని ఉందన్నమాట, దాన్ని వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.